24 మీటర్ల కంచె, నాలుగు కుళాయిలు: ఆరో తరగతిలో పాసిబిలిటీ థింకింగ్ – ఒక కేస్ స్టడీ

పిల్లల్ని "స్వేచ్ఛగా ఆలోచించండి" అని వదిలేస్తే ఆలోచనలు రావు. మొహమాటం వస్తుంది. టీచరు ఏం వినాలనుకుంటోందో ఊహించి అదే చెప్తారు. అదే ఒక్క సంఖ్యను బిగించి మిగతాది వాళ్ళకు వదిలేస్తే, బెంచీ చివర నోరు మెదపని పిల్లలు కూడా "ఇట్ల పెడితే?" అని మొదలుపెడతారు. ఈ కేసులో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. పాసిబిలిటీ థింకింగ్ అంటే "ఇలా అయితే?" అంటూ అవకాశాలు వెతికే ఆలోచన. ఆ అవకాశాలు పుట్టేది షరతు లోపలే. ఆ షరతును ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నారు, ఎప్పుడు మార్చారు అన్నదే టీచరు పనితనం.

చోటు: తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తరగతి: ఆరు. రిజిస్టరులో 34 మంది. పాఠం: చుట్టుకొలత, వైశాల్యం. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకం. ఆరో తరగతి కాబట్టి చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలే ఎక్కువ. ఒకరితో ఒకరికి అంత చనువు లేదు, మేడంతో అసలే లేదు. అందరికీ సూత్రాలు వచ్చు. 2(పొ + వె) అప్పజెప్తారు, పొ × వె అప్పజెప్తారు. ఏ లెక్కకు ఏది వాడాలో మాత్రం తెలియదు. రెండు సంఖ్యలు కనిపిస్తే కలపడమో గుణించడమో చేస్తారు, తప్పయితే రెండోది చేస్తారు.

పాసిబిలిటీ థింకింగ్ అన్న మాటను విద్యారంగంలో నిలబెట్టింది బ్రిటిష్ పరిశోధకురాలు అన్నా క్రాఫ్ట్. "ఇది ఏమిటి?" అన్న ప్రశ్న దగ్గర ఆగకుండా "దీనితో ఏం చేయొచ్చు? ఇలా అయితే ఏమవుతుంది?" అన్నదాకా పిల్లలు వెళ్ళడం అందులో కీలకం. 2006లో ఆమె, టెరీసా క్రెమిన్, పమేలా బర్నార్డ్ కలిసి ఇంగ్లండులోని చిన్న పిల్లల తరగతుల మీద రాసిన పరిశోధనలో టీచరు చేయాల్సినవి మూడు కనిపిస్తాయి: కాస్త వెనక్కి తగ్గి నిలబడి చూడడం, నిర్ణయాలు పిల్లల చేతిలో పెట్టడం, సమయమూ చోటూ ఇవ్వడం. చదివితే హాయిగా ఉంటుంది. 34 మంది, 45 నిమిషాల పీరియడు, నెల తిరిగేలోపు ఫార్మేటివ్ (ఏడాదిలో మధ్యమధ్యన పెట్టే) పరీక్ష ఉన్న తరగతిలో "సమయం ఇవ్వండి" అంటే ఏ పీరియడు ఎవరి దగ్గర తీసుకోవాలి అన్నది మొదటి ప్రశ్న. ఈ టీచరు గణితం పీరియడు పక్కనే ఉన్న తన సామాన్య శాస్త్రం పీరియడును కలుపుకుంది. రెండూ తనవే కాబట్టి కుదిరింది. కుదరనివాళ్ళు పక్క టీచరుతో ఒక రోజుకు పీరియడ్లు మార్చుకోవాలి. 45 నిమిషాల్లో దీన్ని ఇరికించాలని చూస్తే సరిగ్గా పిల్లలు వేడెక్కే సమయానికి బెల్లు కొడుతుంది.

ప్రశ్న తయారీ

ముందు వేసిన ప్రశ్న "బడి పెరట్లో కూరగాయల తోట వేస్తే ఎట్ల ఉంటది?" జవాబు ఊహించుకోవచ్చు. "బాగుంటది మేడం." ఇంకా ఏమైనా? "మొక్కలు పెంచాలి." "నీళ్ళు పోయాలి." "చెట్లు నరకొద్దు." ఒక్కో జవాబూ గోడ మీద రాసిన నినాదంలా వచ్చింది. ప్రశ్న వెడల్పుగా ఉంటే పిల్లలు సురక్షితమైన మాటే చెప్తారు, ఎందుకంటే తాము చెప్పింది సరైనదో కాదో తామే చూసుకునే వీలు అందులో లేదు.

దాన్ని ఇలా మార్చింది: "మన దగ్గర 24 మీటర్ల కంచె ఉంది. అంతా వాడాలి, మిగలొద్దు. ఎన్ని రకాల మళ్ళు కట్టొచ్చు?" ఇక్కడ బిగించింది ఒక్కటే, 24. ఆకారం, పొడవు, వెడల్పు అన్నీ వదిలేసింది. సరిపోయిందో లేదో పిల్లలే లెక్కబెట్టి తేల్చుకోగలరు, టీచరు ముఖం చూడక్కర్లేదు.

24నే ఎందుకు తీసుకోవాలి? అందులో సగం 12. పన్నెండును రెండు పూర్ణసంఖ్యల మొత్తంగా ఆరు రకాలుగా విడగొట్టవచ్చు, చివరిది చతురస్రం అవుతుంది. 22 తీసుకుంటే పూర్ణసంఖ్యల్లో చతురస్రం రాదు. 16 తీసుకుంటే నాలుగు ఆకారాలతో అయిపోతుంది, క్రమం కనిపించేలోపే సరుకు అయిపోతుంది. 40 తీసుకుంటే పది ఆకారాలు లెక్కించలేక పిల్లలు విసుగెత్తిపోతారు. మొదటిసారి చేసేవాళ్ళు 20 గానీ 24 గానీ తీసుకోవాలి, అది దాటి పోవద్దు.

సామాను, అందులో వచ్చే చిక్కులు

పురికొస వాడొద్దు. పట్టుకునే బిగువును బట్టి సాగుతుంది, నలుగురు నాలుగు మూలలు లాగితే కొలత మారిపోతుంది. ఇక్కడ కొబ్బరి చీపురు ఈనెల్ని 5 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించారు. ఒక ముక్క అంటే ఒక మీటరు. నలుగురైదుగురికి ఒక జట్టు, జట్టుకు 24 ముక్కలు, ఎనిమిది జట్లకు 192, విరిగేవాటికి మరో ఇరవై. ఒక మంచి ఈనె నుంచి పది ముక్కలు వస్తాయి కాబట్టి పాతిక ఈనెలు చాలు. మొన వైపు సన్నటి భాగం పారేయాలి, అది వంగి కొలత చెడగొడుతుంది. అందరూ ఒకే స్కేలు పెట్టి కాకుండా, ముందు ఒక ముక్క కోసి దాని ప్రకారం రెండోది, రెండోదాని ప్రకారం మూడోది కోస్తే ఒక్కో ముక్కలో తేడా పెరుగుతూ పోతుంది. స్కేలు మీద 5 దగ్గర గుర్తు పెట్టుకునే కోయాలి.

1×11 ఆకారం నేల మీద 55 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. బెంచీ మీద పట్టదు, పట్టినా ఏటవాలు బల్ల మీంచి జారుతుంది. బెంచీలు గోడకు జరిపి నేల మీద కూర్చోబెట్టడమే మేలు. వరండా చల్లగా ఉంటుందని అక్కడికి తీసుకెళ్తే గాలికి పుల్లలు కదులుతాయి, దారిన పోయే ప్రతి తరగతీ ఆగి చూస్తుంది.

రెండో సామాను గళ్ళ నోటుబుక్కు. పుల్లలతో కట్టిన ఆకారాన్ని అందులో దించాలి, ఒక గడి అంచు ఒక మీటరు. తెలిసి దిగాల్సిన గొయ్యి ఇక్కడే ఉంది. చాలామంది కంచెను గళ్ళ అంచుల మీద గియ్యకుండా, అంచు వెంబడి ఉన్న గళ్ళను రంగు వేసి లెక్కబెడతారు. 6×6 ఆకారంలో అలా లెక్కిస్తే 20 గళ్ళే వస్తాయి. "24 కావాలి కదా, నాలుగు తగ్గినయి" అని ఆకారాన్ని 7×7 చేస్తారు, అప్పుడు అంచు గళ్ళు సరిగ్గా 24 వస్తాయి, తృప్తిపడిపోతారు. చుట్టుకొలత అంటే గళ్ళు కాదు, గీతలు అని చెప్పి దిద్దొచ్చు. ఈ టీచరు చెప్పలేదు. "నీ 7×7కి పుల్లలు పేర్చి చూపించు" అంది. నాలుగు పుల్లలు తక్కువ పడ్డాయి. చుట్టుకొలతకూ వైశాల్యానికీ మధ్య పిల్లలు పడే గందరగోళానికి సగం కారణం ఈ గళ్ళ దగ్గరే ఉంటుంది. పుల్ల చేతిలో ఉంటే అది విడిపోతుంది.

తొంభై నిమిషాలు ఎలా గడిచాయి

ప్రశ్న చెప్పి, ఒకరి చేత మళ్ళీ చెప్పించడానికి 5 నిమిషాలు. తర్వాత 3 నిమిషాలు ఎవరికి వారే మౌనంగా, నోటుబుక్కులో కనీసం ఒక ఆకారం. ఈ మూడు నిమిషాలు తీసేయాలన్న కోరిక ప్రతి టీచరుకూ కలుగుతుంది, తీసేయొద్దు. తీసేస్తే ప్రతి జట్టులోనూ చురుకైన ఒకరు పుల్లలు లాక్కుంటారు, మిగతా ముగ్గురు చూస్తూ కూర్చుంటారు. ముందే ఒక ఆకారం గీసుకున్న పిల్ల "నాది కూడా పెట్టుండ్రి" అని అడగగలదు.

పుల్లలతో కట్టడానికి 15 నిమిషాలు, గళ్ళలో దించడానికి 10, బోర్డు దగ్గర మాటలకు 20. ఆపై షరతు మార్చి 25 నిమిషాలు. మిగిలిన 12 నిమిషాలు రాత పని. మాటలన్నీ ఇంటి తెలుగులో, రాత తమ మీడియంలో. ఆలోచించేటప్పుడే ఇంగ్లిష్‌లో చెప్పమంటే ఆరో తరగతి పిల్లలు వాక్యం కోసం వెతుక్కుంటూ ఆలోచన వదిలేస్తారు. ఆలోచన తేలిన తర్వాత "పెరిమీటర్", "ఏరియా" అన్న మాటలు వాటంతట అవే అతుక్కుంటాయి.

బోర్డు మీదికి వచ్చినవి ముందుగా ఐదే: 1×11, 2×10, 3×9, 4×8, 5×7. ఆరోది, 6×6, మూడు జట్ల పుల్లల్లో ఉంది కానీ ఎవరూ చెప్పలేదు. "అది చతురస్రం కదా, మడి దీర్ఘచతురస్రం ఉండాలె" అని వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్న నియమం. టీచరు ఇచ్చిన షరతు 24 ఒక్కటే. తాము కొత్తగా చేర్చుకున్న షరతును పిల్లలు గుర్తించడం ఈ పద్ధతిలో విలువైన ఘట్టం. "నేను అట్ల చెప్పిన్నా?" అన్న ఒక్క ప్రశ్న చాలింది.

1×11, 11×1 ఒకటా రెండా అన్న వాదన కూడా వచ్చింది. లెక్క ప్రకారం వైశాల్యం ఒకటే. తోట ప్రకారం ఒకటి కావలసిన అవసరం లేదు, ఎండ ఎటు నుంచి పడుతుంది, నీటి కుళాయి ఎటు ఉంది అన్నదాన్ని బట్టి. టీచరు తీర్పు చెప్పకుండా రెండూ రాసింది, పక్కన ఆ రెండు కారణాలూ రాసింది. వెనక నుంచి ఒకరు "12×0 కూడా ఉంటది మేడం" అన్నారు. తరగతి నవ్వింది. పుల్లలతో చేయించారు. రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి, 24 పుల్లలూ వాడారు, కంచె ఉంది, మడి లేదు. చుట్టుకొలత ఉన్నా వైశాల్యం సున్నా కావచ్చు అన్నది పాఠ్యపుస్తకం ఎక్కడా చెప్పదు. ఆ నవ్వును టీచరు "అల్లరి చేయకు" అని ఆపి ఉంటే ఇది పోయేది.

వచ్చిన ప్రతి ఆలోచననూ బోర్డు మీద మూడు వరుసల్లో ఒక దాంట్లో రాసింది: అయ్యేది, చేసి చూడాల్సింది, ఈ షరతు దగ్గర ఆగిపోయేది. మూడోదాన్ని "తప్పు" అనలేదు. షరతు మారితే అది పైకి రావచ్చు. ఎవరి ఆలోచన ఎక్కడికి వెళ్ళాలో పిల్లలే చెప్పాలి. ఈ జల్లెడ లేకుండా అన్నిటికీ "శభాష్" అంటూ పోతే అది పాసిబిలిటీ థింకింగ్ కాదు, హాజరు వేయడం. శభాష్‌లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మొదట 4×8కి గట్టిగా శభాష్ పడితే, మిగతా జట్లన్నీ తమ ఆకారం చెరిపేసి 4×8 కడతాయి. దాని బదులు రెండే మాటలు వాడింది: "ఎట్ల తెలిసింది?", "ఇంకో రకంగ?"

ప్రశ్న వేశాక ఆగడం గురించి. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో చేసిన పరిశీలనల్లో టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడే పిల్లలు పెరిగారు. మూడు సెకన్ల మౌనం తరగతిలో నిలబడి చూస్తే చాలా పెద్దదిగా ఉంటుంది. ఈ టీచరు వీపు వెనక వేళ్ళు ముడుస్తూ ఐదు లెక్కబెట్టేది. చిన్న విద్యే కానీ, నోరు ఆపుకోవడానికి చేతికి పని చెప్పడం కన్నా సులువైనది లేదు.

వైశాల్యాలు వరుసగా రాస్తే 11, 20, 27, 32, 35, 36. పక్కపక్క తేడాలు 9, 7, 5, 3, 1. దీన్ని పట్టుకున్నది లెక్కల్లో ముందుండే పిల్లలు కాదు, అంకెలు అందంగా రాసే అలవాటున్న ఒక అమ్మాయి. "తర్వాత ఏమొస్తది?" అంటే కాసేపు గొడవ. 7×5 అంటే మళ్ళీ 35, వెనక్కి తిరిగింది. చతురస్రం దగ్గర ఎందుకు ఎక్కువ అన్నది ఆరో తరగతిలో రుజువు చేయక్కర్లేదు, కంటికి కనపడితే చాలు.

షరతు మార్చడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. ఒక షరతు లోపల అవకాశాలు అయిపోయాక దాన్ని ఒక్క మెట్టు జరపాలి. ఒకేసారి రెండు జరిపితే ఎవరూ వెంట రారు.

మొదటి మార్పు: ఒక పక్క కాంపౌండ్ గోడ ఉంది, అటు కంచె అక్కర్లేదు. ఇప్పుడు 24 మీటర్లు మూడు పక్కలకే. వెడల్పు 1 అయితే పొడవు 22, వైశాల్యం 22. అలా 2×20 = 40, 3×18 = 54, 4×16 = 64, 5×14 = 70, 6×12 = 72, 7×10 = 70. చాలామంది అలవాటుగా చతురస్రానికే వెళ్ళి 8×8 = 64 దగ్గర ఆగారు. ఇందాకటి జవాబు ఇప్పుడు పని చేయదని వాళ్ళే కనుక్కున్నారు. రెండు గోడలు కలిసే మూల దొరికితే? 12×12 = 144. అదే 24 మీటర్ల కంచె, నాలుగింతల నేల. ఊళ్ళో పశువుల కొట్టం ఎప్పుడూ గోడ మూలకే ఎందుకు ఉంటుందో ఒకరు అక్కడికక్కడే చెప్పేశారు.

తర్వాత ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నను టీచరు ముందుగా ఊహించలేదు. "లోపలికి ఎట్ల పోతం మేడం? గేటు ఏది?" గేటుకు 1 మీటరు వదిలితే 24 మీటర్ల కంచె 25 మీటర్ల చుట్టుకొలతను కాస్తుంది. 25లో సగం పన్నెండున్నర. పూర్ణసంఖ్యలతో కుదరదు. పుల్లను సగానికి విరిచారు. 6 × 6½ = 39. దశాంశాల పాఠానికి ఇంతకంటే మంచి గుమ్మం దొరకదు, అదీ పిల్లవాడే తెరిచాడు.

ఆకారం మార్పు: దీర్ఘచతురస్రమే కానక్కర్లేదు. 6×6 మూలలో 2×2 ముక్కను లోపలికి నొక్కితే ఎల్ ఆకారం వస్తుంది, చుట్టుకొలత 24 అలాగే ఉంటుంది, వైశాల్యం 32కు పడుతుంది. గుండ్రంగా కడితే గళ్ళు లెక్కబెట్టి (సగం దాటిన గడిని ఒకటిగా) 46కు దగ్గర్లో వస్తుంది. పుల్లలతో గుండ్రం రాదు. దీనికి మాత్రం 24 గళ్ళ పొడవున్న దారం వాడాలి, సాగని దారం. తిన్నగా లేని అంచుల్ని లెక్కబెట్టేటప్పుడు జట్టు జట్టుకూ రెండు మూడు గళ్ళ తేడా వస్తుంది, రానివ్వాలి.

ఇక అసలు కొసమెరుపు తోట తెలిసిన పిల్లల నుంచి వచ్చింది. ఎక్కువ వైశాల్యం 6×6 అని అందరూ తీర్మానించాక, "మధ్యల కలుపు ఎట్ల తీస్తరు? తొక్కుకుంట పోవాల్నా?" అని ఒక ప్రశ్న. నిజమే. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలంటే కూరగాయల మడి వెడల్పు మీటరు, మీటరు పావు దాటకూడదు. ఆరు మీటర్ల చతురస్రంలో దారులు వదలాలి, దారికి పోయిన నేలంతా తీసేయాలి. అప్పటిదాకా పనికిమాలినదిగా ఉన్న 1×11 మళ్ళీ లేచి కూర్చుంది. స్తంభాల లెక్క కూడా వచ్చింది. రెండు మీటర్లకొకటి పాతితే 24 మీటర్ల చుట్టూ 12 స్తంభాలు. గోడ పక్కన అయితే మొదలూ చివరా కలవవు కాబట్టి 13. అంతేకాదు, 5×7 మడికి రెండేసి మీటర్ల లెక్కలో స్తంభం ప్రతి మూలకూ పడదు. 4×8కి పడుతుంది. వైశాల్యం ఎక్కువని 5×7 ఎంచుకున్న జట్టు 4×8కి మారింది, కారణం రాసి మరీ మారింది. "ఏది మంచిది?" అన్న ప్రశ్నకు జవాబు "దేనికి మంచిది?" అన్నదాని మీద ఆధారపడుతుందని చెప్పకుండానే తెలిసింది.

పరీక్షలో ఏం తేలింది

లఘు పరీక్షలో ఒక ప్రశ్న ఇలా పెట్టారు: చుట్టుకొలత 30 సెం.మీ. ఉండే దీర్ఘచతురస్రాలు ఏవైనా మూడు రాయండి, వాటిలో ఏది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఎందుకు? ఐదు మార్కులు. ఒక్కో సరైన జతకు ఒకటి, పోల్చినందుకు ఒకటి, కారణానికి ఒకటి. పెద్ద తరగతిలో ఇలా ఒకటికి మించి జవాబులున్న ప్రశ్నలు దిద్దడం కష్టమంటారు. మార్కులు ఇలా ముందే విడగొట్టుకుంటే కష్టం లేదు, పొడవు వెడల్పు కలిపితే 15 వచ్చిందా అని చూస్తే చాలు.

7×8 చాలామంది రాశారు. కొందరు 7.5×7.5 రాశారు, గేటు ప్రశ్న వాళ్ళకు గుర్తుంది. తప్పులు రెండు రకాలు. సగం చేయడం మర్చిపోయి 20×10 లాంటివి రాయడం ఒకటి, దాని చుట్టుకొలత 60 అవుతుంది. పుల్లలతో నాలుగు పక్కలూ పేర్చినవాళ్ళు కాగితం మీద రెండు పక్కలే చూస్తున్నారు అనుకోవాలి. జతలు సరిగా రాసి వైశాల్యం గుణించలేకపోవడం రెండోది, అది ఎక్కాల లోటు. దాన్ని పాసిబిలిటీ థింకింగ్ తీర్చదు. తీరుస్తుందని చెప్పేవాళ్ళను నమ్మొద్దు. ఎక్కాలు రానివాళ్ళకు బోర్డు పక్కన ఎక్కాల చార్టు వేలాడదీస్తే ఆలోచనలో వెనకపడరు, ఎక్కాల పని వేరే సమయంలో వేరేగా జరగాలి.

భోజనం ముందు క్యూ

గణితంలో అలవాటైన పద్ధతి బడి వాకిట్లోకి రావడానికి మధ్యాహ్న భోజనం కారణం. 120 మంది తినేవాళ్ళు, నాలుగు కుళాయిలు. చేతులు కడుక్కునే చోట తోపులాట. చివర వచ్చినవాళ్ళు కడుక్కోకుండానే పళ్ళెం పట్టుకుంటారు. "క్రమశిక్షణ లేదు" అన్నది స్టాఫ్ రూములో నిర్ధారణ.

పిల్లలు ముందు కొలిచారు. సబ్బుతో సరిగా కడుక్కుంటే ఒకరికి 40 సెకన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మొత్తం సమయం కూడా 40 నుంచి 60 సెకన్లే, కాబట్టి తగ్గించడానికి లేదు. 120 × 40 ÷ 4 = 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. ఇంత క్యూలో నిలబడే ఓపిక ఆకలితో ఉన్న పిల్లలకు ఉండదు. అది క్రమశిక్షణ సమస్య కాదు, లెక్క సమస్య. పది లీటర్ల బకెట్టు నిండడానికి 100 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 6 లీటర్లు. 40 సెకన్లూ కుళాయి తెరిచి ఉంచితే మనిషికి 4 లీటర్లు, మొత్తం 480 లీటర్లు.

షరతు: కొత్త కుళాయి లేదు, డబ్బు లేదు, సమయం తగ్గించకూడదు. మొదట వచ్చినవన్నీ షరతు దాటేవే, ఇంకో నాలుగు కుళాయిలు పెట్టించమని, సర్పంచికి చెప్పమని. మూడో వరుసలో రాశారు. తర్వాత ఒక జట్టు 40 సెకన్లను విడదీసింది. తడపడం 5, రుద్దడం 25, కడగడం 10. రుద్దే 25 సెకన్లలో కుళాయితో పనే లేదు! కుళాయి దగ్గర పని 15 సెకన్లే. 120 × 15 ÷ 4 = 450 సెకన్లు, ఏడున్నర నిమిషాలు. తడపడాన్ని కూడా పక్కకు తీస్తే కడగడం ఒక్కటే, ఐదు నిమిషాలు.

కాగితం మీద ఉన్నంత సాఫీగా నేల మీద నడవలేదు. రుద్దుకున్నవాళ్ళు మళ్ళీ అదే క్యూలోకి రావడంతో ఎదురెదురు గుద్దుకున్నారు. దాంతో దారి ఒకే వైపు పెట్టారు. మొదట డ్రమ్ము దగ్గర మగ్గుతో ఒకరు చేతుల మీద నీళ్ళు పోస్తారు, గోడ వెంబడి నడుస్తూ రుద్దుకోవాలి, చివర కుళాయిల దగ్గర కడుక్కోవాలి. సబ్బు చేతులు మారి కింద పడి మట్టి అంటుతుంటే, ఉల్లిగడ్డలు వచ్చే నెట్ సంచి ముక్కల్లో సబ్బు కట్టి గోడకు ఐదు చోట్ల వేలాడదీశారు. పొట్టివాళ్ళకు అందే ఎత్తు, పెద్దవాళ్ళ నడుము ఎత్తు, సరిపోయింది. తడి పడి నేల జారుతుంది కాబట్టి గోడ వెంబడి ఇసుక చల్లారు. నడక, తడబాటు కలిపి లెక్క కంటే ఎక్కువ సమయమే పడుతుంది, అయినా పాత పద్ధతి దరిదాపుల్లోకి రాదు. నీటి లెక్కలో మాత్రం జాగ్రత్త. కుళాయి విప్పి ఒకరి తర్వాత ఒకరు వచ్చేలోపు వృథా అయ్యేది లెక్కలోకి రాలేదు. కుళాయికి ఒకరిని కాపలా పెడితే అది తగ్గుతుంది, కానీ ఆ నలుగురూ చివర తినాలి. రోజుకొక తరగతి వంతు.

ఇక్కడ పెద్దవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది. పిల్లలు ఇలా ఒక ఏర్పాటు మార్చగలిగితే, రేపు ఇంకోదాన్ని గురించీ అడుగుతారు. ఇంట్లో కూడా అడుగుతారు. "ఎదురు ప్రశ్నలు వేస్తున్నడు" అని తల్లిదండ్రులు వచ్చి చెప్పడం ఈ పద్ధతి మొదలుపెట్టిన ప్రతి టీచరుకూ ఎదురయ్యేదే. ఈ టీచరు ముందే తల్లిదండ్రుల సమావేశంలో చేతులు కడిగే లెక్కను పిల్లల చేతే చెప్పించింది. ఇంటికి ఇచ్చిన పని కూడా ఒక షరతుతోనే ఉండేది: "ఒక గ్యాస్ బండ ఎన్ని రోజులు వస్తుందో అమ్మను అడుగు. రెండు రోజులు ఎక్కువ రావాలంటే ఏమేం చేయొచ్చు, అమ్మ ఒప్పుకున్నవి మాత్రమే రాయి." చివరి ముక్కే ముఖ్యం. అమ్మ ఒప్పుకోవాలి అంటే పిల్ల అమ్మతో మాట్లాడుతుంది, అమ్మకు పాఠం చెప్పదు. పప్పు ముందే నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, అన్నం పొంగు వచ్చాక మంట తగ్గించడం, ఇవన్నీ తల్లులే చెప్పారు.

ఏ పాఠాలకు పనికొస్తుంది, దేనికి రాదు

పాఠ్యపుస్తకంలోని లెక్కను తిరగేయడం సులువైన దారి. "పొడవు 8, వెడల్పు 4, చుట్టుకొలత ఎంత?" అన్నదాన్ని "చుట్టుకొలత 24, పొడవు వెడల్పులు ఏవి కావచ్చు?" అని తిప్పితే చాలు. జవాబు ఇచ్చి ప్రశ్న అడగడం. సగటు 6 వచ్చే ఐదు సంఖ్యలు చెప్పండి. కూడితే 5/6 వచ్చే రెండు భిన్నాలు చెప్పండి. సరిగ్గా నాలుగే కారణాంకాలున్న సంఖ్యలు 30 లోపు ఎన్ని? (6, 8, 10, 14, 15, 21, 22, 26, 27. వీటిలో 8, 27 మిగతావాటి కంటే వేరే రకం, పిల్లలు పట్టుకుంటారు.) ఇలాంటి ప్రశ్న పది నిమిషాల్లో కూడా చేయించవచ్చు, పుల్లలూ డ్రమ్ములూ అక్కర్లేదు. వారానికి ఒకటి చాలు. రోజూ చేస్తే పిల్లలు "ఇంకో రకంగ?" అన్న మాట వినగానే నీరసపడతారు.

నలుగురు కలిసి ఒప్పుకున్న నియమాల దగ్గర ఇది నడవదు. స్థానవిలువ ఎలా రాయాలి, కూడికకు ముందు గుణకారం ఎందుకు చేయాలి, కోణమానిని ఏ వైపు నుంచి చదవాలి, ఇవి చెప్పి చేయించాల్సినవే. "ఇలా కాకపోతే ఏమవుతుంది?" అని అక్కడ తెరిస్తే నేర్చుకోని నియమం గురించి వాదిస్తూ పీరియడు పోతుంది. నియమం గట్టిపడ్డాక, ఏడో తరగతిలో మళ్ళీ అడగొచ్చు.

దిద్దుబాటు భారం గురించి అందరూ అడుగుతారు. 34 నోటుబుక్కులు, ఒక్కోదానికి 3 నిమిషాలు, మొత్తం 102 నిమిషాలు. రోజూ సాధ్యం కాదు. రోజుకు రెండు జట్ల పుస్తకాలు మాత్రమే పూర్తిగా చూస్తే అది దాదాపు 24 నిమిషాలకు దిగుతుంది, నాలుగు రోజులకు తరగతి ఒక చుట్టు అవుతుంది. మిగతా జట్లు ఒకరి ఆకారం మరొకరు పుల్లలతో కట్టి సరిచూసుకుంటాయి. సరిపోకపోతే ఆ ఆకారం పక్కన పెన్సిలుతో "చేసి చూడాల్సింది" అని రాస్తారు, కొట్టేయరు.